పై వరస అక్కది

తెర మీద ‘సేవ్ అయింది’ అన్న మాట వెలిగి ఆరిపోయేదాకా తానేం చేశాడో జపానుకి తెలియలేదు. కొంప మునిగిందని జనం చిన్నాచితకా వాటికి కూడా అంటూ ఉంటారు గానీ, ఆ శనివారం పొద్దున నిజంగానే మునిగింది, అదీ అతని ఇంట్లో, అతని చేత్తోనే. పోయింది తనదైతే ఇంత బాధ ఉండేది కాదు. పోయింది అక్కది.

జపాను అనేది పనిచోట వాళ్ళు తగిలించిన పేరు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో అతను మెకానిక్కు. నలభై దగ్గర పడుతున్నా జపాన్ వాళ్ళు చేసే కథల వీడియో గేముల పిచ్చి వదల్లేదు. అవి ఒక పూటలో తేలిపోయే ఆటలు కావు. ఎవరో ఒక పిల్ల ఇల్లు వదిలి బయల్దేరుతుంది, దారిలో తోడు దొరుకుతుంది, రాక్షసులతో తలపడుతూ బలం పుంజుకుంటుంది, నెలల తరబడి ఆడితే గానీ కథ చివరికి రాదు. మధ్యలో ఆపుకోవడానికి అక్కడక్కడా దీపాలుంటాయి. దీపం దగ్గర నిలబడి, అంతవరకూ ఆడింది సేవ్ చేసుకుంటే రేపు అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు. లిఫ్టు గుంటలో దిగి పనిచేస్తున్నప్పుడు కూడా జపాను ఈ కబుర్లే చెప్పేవాడు. పక్కవాడు పట్టాలకు నూనె పూస్తూ, పారిపోవడానికి దారిలేక వినేవాడు.

ప్రతి ఆట మీదా అతని దగ్గర ఒక తీర్పు ఉండేది. గోడ అలమరలో కళ్ళ ఎత్తున ఉన్న అర అతను ప్రాణం పెట్టినవాటిది. కింది అర ఫరవాలేదనిపించినవాటిది. తనను మోసం చేసినవాటికి అలమరలో చోటే లేదు. ‘గాజు కోట’ అనే ఆట మొదటి సగం స్వర్గం చూపించి, రెండో సగమంతా అవే గదుల్లో గానుగెద్దులా తిప్పింది. దాన్ని పనిచోట ఒకడికి ఊరికే ఇచ్చేసి, ఆడొద్దని కూడా చెప్పాడు. ‘ఇద్దరు రాజులు’ అనేదాంట్లో అందరూ గంటల కొద్దీ మాట్లాడతారు, ఎవరికీ ఏమీ కాదు, ఆఖర్న రాక్షసుడు కూడా విసుగెత్తి చచ్చినట్టే ఉంటుంది. వీటన్నిటినీ మించిన మోసం ‘నక్క రేవు’. దానికోసం జపాను ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. వచ్చిన రోజు సెలవు పెట్టి, కొట్టు తెరవకముందే గుమ్మంలో నిలబడ్డాడు. ఆడి ముగించాక దాని డబ్బాని టీవీ బల్ల కింద ఎత్తుకి పెట్టాడు. ఆ బల్లకి ఒక కాలు పొట్టి.

ఈ పేర్లేవీ వాటి అసలు పేర్లు కావు. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఉన్న ఒకే ఒక్క ఆట జపాన్ భాషలో ఉండేది. డబ్బా మీద తెల్లటి ఓడ బొమ్మ ఉంటే అక్కాతమ్ముళ్ళిద్దరూ దానికి ‘ఉప్పు ఓడ’ అని పేరు పెట్టుకున్నారు. అప్పటి నుంచి బొమ్మను బట్టి పేరు పెట్టడం ఆ ఇంటి అలవాటైపోయింది.

తమ్ముడు ఆడేవాడు, అక్క పక్కన కూర్చుని చదివి చెప్పేది. ఆ భాష ఆమెకి మాత్రం వచ్చా ఏమన్నా? అయినా తెర మీద అక్షరాలు కనబడితే చాలు, గడగడా తెలుగులో అప్పజెప్పేది. “ఈ ముసలాయన కూతురు ఆ ఓడలో తప్పిపోయిందట రా. వెతికిపెట్టమంటున్నాడు.” దొరుకుతుందా అక్కా అని వీడు బెంగపడితే, “దొరక్కుండా ఎక్కడికి పోతుంది, నువ్వు ఆడు” అనేది. అక్క దగ్గర అన్నిటికీ జవాబు ఉండేది. చివర్లో రేవులో జనమంతా బారులు తీరి నిలబడితే, ఎవరికి ఎవరు దొరికారో ఒక్కొక్కర్నే చూపించి చెప్పింది. జపాను వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దయ్యాక అదే ఆట తనకి అర్థమయ్యే భాషలో వచ్చిందని ఆత్రంగా కొన్నాడు. చూస్తే ఆ ముసలాయనకి కూతురే లేదు. పన్ను ఎగ్గొట్టే ఓడల గురించి ఆయన గొణుగుడు అది. రేవులో జనం నిలబడింది కొత్త రాజుగారిని చూడ్డానికట. అతని జన్మకల్లా పెద్ద నిరాశ నిజానికి అదే, అయినా ‘ఉప్పు ఓడ’ కళ్ళ ఎత్తు అరలోంచి కదల్లేదు.

ఆ అక్క ఇప్పుడు అతనింట్లోనే ఉంటోంది. అంబులెన్సు కోసం జనం చేసే ఫోన్లు ఎత్తడం ఆమె ఉద్యోగం. అవతలివాళ్ళు ఏడుస్తున్నా అరుస్తున్నా, ముందు ఎక్కడున్నారో కనుక్కోవాలి. బండి వచ్చేదాకా వాళ్ళని లైన్లో ఉంచి, ఏం చెయ్యాలో చెబుతూ ఉండాలి. బండి చేరగానే ఆ లైను వదిలేసి ఇంకో ఫోను ఎత్తాలి. ఆ తర్వాత మనిషి బతికాడా లేదా అన్నది ఆమెకి ఎవరూ చెప్పరు. ఏళ్ళుగా ఆ పనిని కాఫీ తాగినంత తేలిగ్గా చేసిన మనిషి, ఒక రోజు షిఫ్టు మధ్యలో హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి లేచి వచ్చేసింది. ఏమైందని అడిగితే చెప్పలేదు. డాక్టరు సెలవు రాసి, రాత్రిళ్ళు ఒంటరిగా ఉండనివ్వొద్దన్నాడు. జపాను వెళ్ళి ఆమె బట్టలు సర్ది తీసుకొచ్చాడు.

వచ్చిన దగ్గర్నుంచీ ఆమె కిటికీ పక్కన కూర్చునే ఉంది. పెడితే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది. ఫోను మోగితే మాత్రం దిగ్గున లేచి అవతలి గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. జపాను తన ఫోను మోగకుండా చేసి, వణుకు మీద పెట్టి, చొక్కా జేబులో గుండెకి ఆనించుకుని తిరిగాడు. ఏ వేళనైనా పిలుపు వచ్చే ఉద్యోగం మరి. ఒకప్పుడు నోటికి తాళం వెయ్యలేకపోయిన అక్క ఇప్పుడు రోజంతా కలిపి నాలుగు మాటలంటే గొప్ప. సెలవు అయిపోవస్తోంది. తిరిగి రాగలదో లేదో సోమవారం చెప్పమన్నారు ఆఫీసు వాళ్ళు. ఏం చెప్తావక్కా అని అడిగే ధైర్యం జపానుకి లేదు. ఉద్యోగం పోతుందని కాదు అతని భయం. పోతే పోనీ. అక్క ఇక ఇలాగే ఉండిపోతుందేమోనని, ఆ గొంతు ఇక వినబడదేమోనని అతని భయం.

ఒక సాయంత్రం అతను పని నుంచి వచ్చేసరికి టీవీ బల్ల ఊగుతోంది. అక్క నేల మీద చతికిలబడి ‘నక్క రేవు’ ఆడుతోంది. గది ఊడుస్తూ బల్ల కాలి కింద డబ్బా కనబడితే, లాగి, తుడిచి, లోపలేముందోనని పెట్టి చూసిందట. అలమర నిండా అన్నన్ని మంచి ఆటలుండగా దీని మీదే పడిందేమిటా అని జపానుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏదో అనబోయాడు. అంతలో ఆమె తలెత్తి, “దీనికి తినడానికేం పెట్టాలిరా?” అంది. ఇంటికొచ్చాక తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది. అనబోయింది మింగేసి, ఆమె పక్కన కూర్చుని ఎలాగో చూపించాడు.

‘నక్క రేవు’ కథ ఒక పడవపిల్లది. ఏటి ఒడ్డున ఆమెకి ఓ నక్కపిల్ల దొరుకుతుంది. దాన్ని సాకుతూ, జనాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దాటిస్తూ ఊరూరూ తిరుగుతుంది. అంతవరకూ బాగుంటుందని జపాను కూడా ఒప్పుకుంటాడు. చివరి భాగంలోనే తగలేశారు. చేసినవాళ్ళకి డబ్బు అయిపోయిందో, ఓపిక అయిపోయిందో. ఆఖరి నగరంలో తలుపులు తెరుచుకోవు, మనుషులుండరు, ఒకే పాట తిరగామరగా మోగుతుంది. ఆ నగరానికి ముందు మంచులో ఒక వంతెన ఉంటుంది. సగం దూరం వెళ్ళాక నక్క ఆగి, ఏదో విన్నట్టు చెవులు రిక్కించి, మంచులోకి పరుగెడుతుంది. అంతే, మళ్ళీ రాదు. ఎక్కడికి పోయిందో, ఏమైందో, ఆట ముగిసి పేర్లు పడేదాకా ఒక్క ముక్క చెప్పరు. కడుపులో పెట్టుకుని సాకిన వాళ్ళ నోట్లో మట్టి కొట్టారని జపాను కనబడ్డవాళ్ళందరి దగ్గరా గోల పెట్టాడు.

అక్క రోజూ ఆడింది. రోజూ ఆమె నోట రెండు మాటలు ఎక్కువయ్యాయి. ఇది చేపలు ముట్టదురా, దుంపలే తింటోంది అనేది. ఇవాళ పడవ ఎక్కనని మొండికేసింది అనేది. ఒకసారి నవ్వింది కూడా. తమ్ముడన్నవాడు సంతోషించాలి కదా, జపానుకి మాత్రం కంటి మీద కునుకు లేదు. ఆమె ఒక్కో ఊరు దాటుతుంటే ఆ వంతెన ఒక్కో ఊరు దగ్గరవుతోంది. సంగతి ముందే చెప్పేస్తే ఆడటం మానేస్తుంది. చెప్పకపోతే ఆ మంచులో నక్క పోయిన నాడు, ఈమె మళ్ళీ కిటికీ దగ్గరికి పోయి కూర్చుంటుంది. ఏం చెయ్యాలో పాలుపోక, ఎదురుపడితే చాలు, “మెల్లగా ఆడక్కా, తొందరేముంది” అంటూ తిరిగాడు.

ఆ శనివారం ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఎంత దూరం వచ్చిందో చూద్దామని జపాను టీవీ పెట్టాడు. సేవ్ చేసుకోవడానికి ఆ ఆటలో మూడు వరసలుంటాయి. పై వరస అక్కది. ఆమె మొదలుపెట్టిన రోజున అతనే తన పాత ఆటని రెండో వరసలోకి జరిపి, పైది ఆమెకి ఖాళీ చేసి ఇచ్చాడు. పై వరస తెరిచాడు. దీపం దగ్గర పడవపిల్ల, ఆమె కాళ్ళ దగ్గర నక్కపిల్ల. వంతెనకీ వాళ్ళకీ మధ్య ఒక్క ఊరే మిగిలింది. నక్కకి ఆడేవాళ్ళే పేరు పెట్టాలి. అక్క పెట్టిన పేరు ‘ఉండు’.

ఫోన్లో అక్క రోజంతా అనే మాట అది. ఉండండి, లైన్లోనే ఉండండి. ఆ పేరు పెట్టుకుని పెంచుకున్నది మంచులోకి పోయి తిరిగి రాకపోతే ఈ మనిషి ఏమైపోవాలి?

అప్పుడే అతని బుర్రలో ఒక పాత మాట మెదిలింది. అతనితో పాటు ఈ ఆటని తిట్టుకున్నవాళ్ళలో ఒకడు, వంతెన ఎక్కేముందు తీపి వేరు తినిపిస్తే నక్క వెళ్ళకుండా ఉండిపోతుందని ఎప్పుడో అన్నాడు. కోతలే అయ్యుంటాయి. అయినా చూస్తే పోయేదేముంది అనుకున్నాడు. అతని పాత ఆట సరిగ్గా ఆ వంతెన దగ్గరే ఆగి ఉంది. రెండో వరస తెరిచి, సంచీలోంచి తీపి వేరు తీసి నక్కకి పెట్టాడు. వంతెన మొదట్లో ఒక దీపం ఉంది. దాని పక్కనుంచి నడిచాడు. అంతే, చెయ్యి తన పని చేసేసింది.

ఆ చెయ్యి సంగతి చెప్పాలి. లిఫ్టు పని నేర్పిన మేస్త్రి అతనికి అన్నిటికన్నా ముందు నేర్పింది ఒకటే. లిఫ్టు డబ్బా మీదికి ఎక్కేటప్పుడు కాలు ఆనకముందే చెయ్యి ఎర్ర బొత్తాం మీద పడాలి. అది నొక్కి ఉంటే ఏ అంతస్తులో ఎవరు పిలిచినా లిఫ్టు కదలదు. నొక్కడం మర్చిపోయినవాణ్ణి తీసుకెళ్ళి పైకప్పుకేసి నొక్కేస్తుంది. బుర్రని నమ్ముకోకురా, చేతికి నేర్పు అనేవాడు మేస్త్రి. మర్చిపోయినప్పుడల్లా ఆ చేతి మీదే చరిచేవాడు. చెయ్యి ఎంత బాగా నేర్చుకుందంటే, ఆటలో దీపం కనబడినా సరే, బుర్రని అడక్కుండానే టకటకా నొక్కేస్తుంది. సేవ్, పై వరస, అవును. ఇన్నేళ్ళూ పై వరస అతనిదే మరి. అక్క వచ్చిన సంగతి ఆ చేతికి ఎవరూ చెప్పలేదు.

పై వరసలో ఇప్పుడు అతని పడవపిల్ల, ముసలిదైపోయిన అతని నక్క ఉన్నాయి. ‘ఉండు’ లేదు. ఆపి మళ్ళీ పెట్టాడు, లేదు. మూడు వరసలూ పైకీ కిందికీ వెతికాడు, లేదు. మొండికేసిన లిఫ్టు తలుపుని తట్టినట్టు ఆట మిషను పక్కన తట్టి కూడా చూశాడు. పాతకాలపు మిషను, రెండో నకలు ఎక్కడా దాచదు. మొదట్నుంచీ ఆడి ఆమె వచ్చేలోగా అక్కడిదాకా తీసుకెళ్ళిపెడదామా అనుకుని, ఎన్ని ఊళ్ళు దాటాలో తలుచుకుని నీరుగారిపోయాడు. అదీగాక ఆమె సాకిన నక్క తన చేతిలో ఎలా తయారవుతుంది?

జేబులో ఫోను వణికింది. రెండు వీధుల అవతలి మేడ వాచ్‌మన్.

“సార్, లిఫ్టు ఆగిపోయింది. లోపల పాటల టీచరుగారు ఉన్నారు.”

“వేరే ఎవరూ లేరా? ఆఫీసుకి చేశావా?”

“వాళ్ళే మీకు చెయ్యమన్నారు సార్.”

టీవీ ఆపి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని పరుగెత్తాడు. దారి పొడవునా ఒకటే లెక్క. అక్క ఇంకా డాక్టరు దగ్గరే ఉండాలి, అక్కడ జనం ఉండాలి, ఆమె వంతు ఆలస్యం కావాలి. రోగులు ఎక్కువమంది ఉండాలని కోరుకున్నందుకు సిగ్గుపడ్డాడు గానీ, కోరిక మాత్రం వెనక్కి తీసుకోలేదు.

లిఫ్టు రెండో అంతస్తు దాటి ఆగిపోయి ఉంది. తలుపు దగ్గర నోరు పెట్టి, “అమ్మా, మెకానిక్కుని. వచ్చేశాను. తలుపుకి దూరంగా నిలబడండి” అని చెప్పి మేడ మీది మిషను గదికి ఎక్కాడు. కరెంటు తీసి, బ్రేకు సడలించి, లిఫ్టుని చేత్తోనే మెల్లగా అంతస్తుకి సరిపెట్టాడు. కిందికొచ్చి తాళంచెవితో తలుపు తీస్తే టీచరుగారు చెమటలు కక్కుతూ బయటికొచ్చింది. పెద్దావిడ. గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకుని అతని మొహంలోకి చూసింది.

“ఏం బాబూ, లోపల ఇరుక్కున్నది నేనా నువ్వా? నాకంటే నీ మొహమే పాలిపోయింది.”

“ఇంట్లో చిన్న పని ఉండిపోయిందండీ” అన్నాడు.

నాలుగో అంతస్తు తలుపు పూర్తిగా మూసుకోకపోవడం వల్ల లిఫ్టు ఆగిందని తేలింది. చూడ్డానికి డబ్బా మీదికి ఎక్కాడు. కాలు పెట్టకముందే చెయ్యి ఎర్ర బొత్తాం మీద పడింది. ఆ చేతి వంక కసిగా చూశాడు. ఇక్కడ బాగానే ఉన్నావు, ఇంట్లో చేసిన నిర్వాకానికి నిన్నేం చెయ్యాలి అనుకున్నాడు. తలుపు జారే గాడిలో పేరుకున్న చెత్త గీకి తీశాడు. మామూలుగా అయితే ప్రతి అంతస్తులోనూ ఆపి, తలుపు పదిసార్లు తెరిచి మూసి, అప్పుడు గానీ సంచీ సర్దడు. ఆ రోజు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పంపి చాల్లే అనుకున్నాడు. మళ్ళీ ఏదన్నా అయితే నేరుగా తనకే చెయ్యమని టీచరుగారికి నంబరు ఇచ్చి, ఆమె కృతజ్ఞతలు చెబుతుండగానే మెట్ల మీద పడ్డాడు.

ఇంటి గుమ్మంలో అక్క చెప్పులు ఉన్నాయి.

లోపల అక్క నేల మీద కూర్చుని ఉంది. తెర అంతా తెల్లటి మంచు. వంతెన మొదట్లో పడవపిల్ల, పక్కన పెద్ద నక్క. కంట్రోలర్ అక్క ఒళ్ళో ఉంది గానీ ఏ బొత్తామూ నొక్కడం లేదు.

“ఇది నాది కాదు” అంది, తల తిప్పకుండానే.

“అక్కా...”

“నాది ఇంకా చిన్నది. దీనికి మూతి దగ్గర నెరిసింది.”

జపాను గుమ్మంలోనే నిలబడి అంతా కక్కేశాడు. తెరిచి చూడటం, తీపి వేరు, దీపం, చెయ్యి. చెబుతుంటే తన మాటలు తనకే పిచ్చిమాటల్లా వినబడ్డాయి. “నేను మళ్ళీ ఆడతానక్కా. సెలవు పెడతాను. నువ్వు పెట్టినవే పెడతాను, దుంపలే పెడతాను. అదే పేరు పెడతాను...”

“ఉండరా” అంది అక్క. “ఊపిరి తీసుకో. కూర్చో.”

కూర్చున్నాడు. జేబులోంచి ఫోను తీసి, ఎప్పుడూ చెయ్యని పని, టీవీ బల్ల మీద పెట్టేశాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

“అసలెందుకు తెరిచావు?”

“ఆ వంతెన మీద నక్క వెళ్ళిపోతుంది. నీకు ముందే చెప్పాల్సింది.”

“వెళ్ళి?”

“వెళ్ళి ఏం లేదు. రాదు. ఏమైందో చెప్పరు. దరిద్రపు ఆట అక్కా ఇది, అందుకే బల్ల కింద తోశాను. వదిలెయ్. ‘ఉప్పు ఓడ’ పెడతాను, అందులో అందరూ దొరుకుతారు కదా.”

“అందులో ఎవరూ దొరకలేదురా” అంది అక్క. “నేను దొరికించాను.”

అక్క మంచు వైపే చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. అన్ని వారాల తర్వాత ఒక్కసారిగా అన్ని మాటలు ఆమె నోట్లోంచి వచ్చాయి.

“ఒకావిడ ఫోన్ చేసింది. కారు ఏదో గుద్దుకుందట, ఆయన పలకట్లేదంది. ఎక్కడున్నారమ్మా అన్నాను. తెలీదు, అంతా మంచు, తెల్లగా ఉంది అంది. దిగి చూడండి, ఏదన్నా బోర్డు కనబడుతుందేమో, ఫోను మాత్రం పెట్టెయ్యకండి, ఉండండి అన్నాను. ఉంటానంది. కారు తలుపు తీసిన చప్పుడు వినబడింది. తర్వాత ఏం లేదు. ఫోను టవరు చూసి ఆ చుట్టుపక్కలంతా బళ్ళు పంపారు. కారూ లేదు, మనుషులూ లేరు. దారిన పోయేవాళ్ళు ఎవరన్నా తీసుకెళ్ళారో, మేం వెతికిన చోటే తప్పో. ఎవర్నడిగినా తెలీదన్నారు. పక్క సీటావిడ వచ్చి భుజం తట్టేదాకా ఆ ఖాళీ లైన్లో నేను ఉండండి ఉండండి అంటూనే ఉన్నానట.”

జపాను ఆమెకి కాస్త దగ్గరగా జరిగాడు.

“ఆ కిటికీ దగ్గర కూర్చుని దానికో చివర అల్లుదామని చూశానురా. నీకు చిన్నప్పుడు అల్లినట్టే. ఎవరో లారీ ఆయన ఆపాడు, ఆస్పత్రికి చేర్చాడు, ఆవిడ భర్త కళ్ళు తెరిచాడు. ఎంత అల్లినా నిలవడం లేదు. అల్లేది నేనేనని నాకు తెలిసిపోతోంది కదా.”

ఆమె కంట్రోలర్ చేతిలోకి తీసుకుంది. వద్దక్కా అని జపాను అనబోయి ఆగిపోయాడు. పడవపిల్ల వంతెన ఎక్కింది. నక్క వెంటే నడిచింది. సగం దూరం వచ్చాక ఆగింది. చెవులు రిక్కించింది. తీపి వేరు తిన్న నక్కే, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా మంచులోకి పరుగెత్తింది. పాట ఆగిపోయింది.

అడగకూడదనుకున్నాడు జపాను. అయినా చిన్నప్పటి అలవాటు, నోరు ఆగలేదు. “ఎక్కడికెళ్ళిందక్కా?”

“తెలీదురా” అంది.

అక్క నోట ఆ మాట అతను ఎన్నడూ వినలేదు. ఆమె చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం స్థిరంగా ఉంది. “తిండి పెట్టాం. ఇంతవరకూ తోడొచ్చాం. ఆ తర్వాత నిజంగా తెలీదు.” కళ్ళు తుడుచుకుని పడవపిల్లని ముందుకు నడిపించింది.

నగరంలోకి వెళ్ళారు. మొదటి తలుపు తెరుచుకోలేదు, రెండోదీ తెరుచుకోలేదు. తెరుచుకోవక్కా, నేను అన్నీ చూశాను అన్నాడు జపాను. నువ్వు చూశావేమో, నేను చూడలేదుగా అని ఆమె ప్రతి తలుపూ తట్టుకుంటూ పోయింది. వీధి చివర దీపం కనబడింది. జపాను కుడిచెయ్యి అదిరింది. అక్క చూసింది.

“నీ చెయ్యి దూరంగా పెట్టు” అంది. తనే నొక్కింది. సేవ్, పై వరస, అవును. ఈసారి పక్కన నక్క కూడా లేదు, ఒంటరి పడవపిల్లే పై వరసలో చేరింది. జపానుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అప్పుడు బల్ల మీద ఫోను వణికింది. పొట్టికాలు బల్ల కదా, అది వణికితే బల్లంతా టకటకా కొట్టుకుంది, గిన్నె బోర్లించినంత చప్పుడు. మళ్ళీ ఆ మేడ దగ్గర్నుంచే అయ్యుంటుంది. నాలుగో అంతస్తు తలుపుని సరిగ్గా చూడకుండా పరుగెత్తుకొచ్చాడని అప్పుడు గుర్తొచ్చింది. అక్క ఇక లేచి గదిలోకి పోతుంది, తలుపేసుకుంటుంది, ఇంతసేపూ వచ్చిన మాటలన్నీ ఆ తలుపు వెనక్కి పోతాయి అనుకుంటూ ఫోను వైపు చెయ్యి చాపాడు.

అక్క చెయ్యి ముందు పడింది.

ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. “చెప్పండి” అంది. “ముందు మీరెక్కడున్నారో చెప్పండి.”

అవతల్నుంచి టీచరుగారి గొంతు సన్నగా, హడావిడిగా వినబడుతోంది. జపాను కదలకుండా అక్క మొహాన్నే చూస్తూ ఉండిపోయాడు.

“మీరొక్కరేనా? దెబ్బలేం తగల్లేదుగా? మంచిది. కింద కూర్చోండి, వీపు గోడకి ఆనించండి. తలుపు తెరవాలని చూడకండి. మెకానిక్కు బయల్దేరాడు. నేనా? నేను వాళ్ళక్కని. ఉన్నాను, ఫోను పెట్టను.”

ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి తమ్ముడి వైపు తిరిగింది. “మూడుకీ నాలుగుకీ మధ్య ఆగింది. బాగా భయపడుతోంది. ఇంకా కూర్చున్నావేంట్రా, వెళ్ళు. నేను మాట్లాడుతూ ఉంటాను.”

జపాను లేచి సంచీ అందుకున్నాడు. బూట్లలో కాళ్ళు దూర్చి, తలుపు తీసి, మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. ఈసారి ప్రతి అంతస్తులోనూ తలుపు పదిసార్లు చూసి గానీ రాననుకున్నాడు. అయినా చెప్పాల్సింది అది కాదు.

“అక్కా, ఆవిణ్ణి దింపాక వచ్చి నీకు చెప్తాను.”

అక్క ఫోను చెవి దగ్గరే ఉంచుకుని అతని వంక చూసింది.

“చెప్పు” అంది. “మర్చిపోకు.”